మొదటి ప్రతికి కోత వద్దు

అధ్యక్షులకు, కార్యదర్శి గారికి, సభలోని పెద్దలకు నమస్కారం. మన సంగీత సభ బీరువాల్లో ఉన్న స్పూలు టేపులను, క్యాసెట్లను, నిమిషానికి 78 సార్లు తిరిగే (78 ఆర్పీఎం) కొన్ని పాత గ్రామఫోను రికార్డులను కంప్యూటర్‌లోకి ఎక్కించే పని మొదలవుతున్నదని, వాటిని ఏ రూపంలో దాచాలో చెప్పమని నన్ను పిలిచారు. శాలువా కార్యక్రమాన్ని వచ్చే సమావేశానికి వాయిదా వేసి ఆ పది నిమిషాలు కూడా నాకే ఇప్పించవలసిందిగా అధ్యక్షులను కోరుతున్నాను.

ధ్వనిని అంకెలుగా మార్చి దాచడానికి రెండు పద్ధతులున్నాయి. వేవ్, ఫ్లాక్ వంటి లాస్‌లెస్ రూపాల్లో, రికార్డు చేసిన ప్రతి అంకె మళ్ళీ యథాతథంగా దొరుకుతుంది. ఎంపీ3, ఏఏసీ వంటి లాసీ రూపాల్లో, మనిషి చెవి పట్టుకోదని లెక్కగట్టిన భాగాలను తీసేసి ఫైలును చిన్నది చేస్తారు. ఫ్లాక్ కూడా ఫైలును తగ్గిస్తుంది గానీ అది పంచెను మడతపెట్టి పెట్టెలో ఉంచడం వంటిది. విప్పితే అంచుతో సహా పంచె మొత్తం ఉంటుంది. సీడీ నాణ్యతలో గంట సంగీతం వేవ్ ఫైలుగా దాదాపు 635 మెగాబైట్లు ఉంటే, ఫ్లాక్‌లో తరచుగా అందులో సగానికి కాస్త అటూ ఇటూగా వస్తుంది. సెకనుకు 128 కిలోబిట్ల ఎంపీ3 అయితే 58 మెగాబైట్లలోనే సరిపోతుంది. ఈ చివరి అంకె విని కమిటీలో కొందరు సంతోషించారని తెలిసింది. నేను రావడానికి ఒప్పుకున్నది ఆ సంతోషానికి అడ్డుపడడానికే.

నేను హరిదాసు కూతురిని. ఒక ఊళ్ళో శరన్నవరాత్రులకు మా నాన్నగారు తొమ్మిది రాత్రులు కథలు చెప్పారు. ఆ ఊరి పెద్దలు ఎంతో శ్రద్ధగా, మంచి మైకు పెట్టి, సెకనుకు 19 సెంటీమీటర్ల వేగంతో నడిచే స్పూలు టేపుల మీద వాటన్నిటినీ రికార్డు చేయించారు. చాలా ఏళ్ళ తర్వాత, నాన్నగారు పోయాక, ఆ టేపులను ఒకాయనకు అప్పగించి డిజిటల్ చేయించారు. ఆయన ఇరవై ఏడు గంటల కథాగానాన్ని ఒకే సీడీలో సరిపెట్టి, అదొక ఘనకార్యంగా చెప్పి, చోటు చాలడం లేదని టేపులను పాత సామాన్లవాడికి ఇచ్చేశాడు. ఆ సీడీలో ఉన్నది 22,050 హెర్ట్జ్ శాంప్లింగుతో, అంటే ధ్వనిని సెకనుకు 22,050 సార్లు కొలిచి చేసిన, 32 కిలోబిట్ల ఎంపీ3. కొలతల సంఖ్యలో సగం వరకే ధ్వని నిలుస్తుంది కాబట్టి 11,025 హెర్ట్జ్‌కు పైన ఉన్న ధ్వని సమూలంగా పోయింది. మాటలు అర్థమవుతున్నాయి కదమ్మా, ఇంకేం కావాలి అని నన్నే అడిగారు.

మాటలు అర్థమవుతున్నాయి, నిజమే. చిడతలు పోయాయి. హరికథ విన్నవారికి చెప్పనక్కరలేదు, దాసుగారి చేతిలోని చిడతలే ఆయనకు సగం లయ. కథ ఉద్ధృతమైనప్పుడు చిడతల దెబ్బ ఎక్కడ పడుతుందో, మృదంగం దానికి ఎలా బదులిస్తుందో, అదంతా ఒక సంభాషణ. ఎంపీ3కి సరిగ్గా అక్కడే బలహీనత ఉంది. అది ధ్వనిని చిన్న చిన్న ముక్కలుగా తీసుకుని, ఒక్కొక్క ముక్కలో ఎంత వివరం ఉంచాలో నిర్ణయిస్తుంది. అలా తగ్గించినప్పుడు పుట్టే దోషం ఆ ముక్క పొడుగునా పరుచుకుంటుంది కాబట్టి, ముక్క మధ్యలో పదునైన దెబ్బ ఉంటే, దెబ్బకు ముందున్న నిశ్శబ్దంలోకి కూడా ఒక సన్నని బుస వచ్చి చేరుతుంది. దీనిని ఇంజనీర్లు ప్రీ ఎకో అంటారు. దెబ్బ తర్వాతి దోషాన్ని దెబ్బ చాలావరకు కప్పేస్తుంది. ముందు వచ్చేదాన్ని మాత్రం చెవి కొన్ని మిల్లీసెకన్లకు మించి క్షమించదు. 44,100 హెర్ట్జ్ శాంప్లింగులో 13 మిల్లీసెకన్లుండే ముక్క, 22,050కి దించితే 26 మిల్లీసెకన్లవుతుంది. పదునైన దెబ్బలకు చిన్న ముక్కలు వాడే ఏర్పాటు ఎంపీ3లో లేకపోలేదు. కానీ 32 కిలోబిట్లలో ఆ ఏర్పాటుకు తగినంత చోటు ఎక్కడిది? ధ్వనిని కుదించే ఇటువంటి పద్ధతులను, అంటే కోడెక్కులను, పరీక్షించడానికి ఇంజనీర్లు తరచుగా వాడేది స్పెయిన్ నాట్యంలోని కాస్టనెట్ల శబ్దం. అవి మన చిడతలకు వేలువిడిచిన చుట్టాలే. తయారుచేసినవారికే తెలిసిన బలహీనతకు మా నాన్నగారి చిడతలు బలయ్యాయి.

ఆ సీడీని ఇప్పుడు ఫ్లాక్‌గా మారిస్తే బాగుపడదా అని ఒకరు సలహా ఇచ్చారు. బాగుపడదు. పోయింది పోయినట్టే ఉండి ఫైలు మాత్రం పెద్దదవుతుంది.

ఎంపీ3ని తిట్టడానికి నేను రాలేదు. 1993లో ప్రమాణంగా వెలువడినప్పుడు డిస్కులు ఖరీదైనవి, ఫోన్ తీగలు నెమ్మదివి. ఆ రోజులకు అది గొప్ప పనే. 320 కిలోబిట్లలో జాగ్రత్తగా చేసిన ఎంపీ3ని అసలుతో కలిపి, ఏది ఏదో చెప్పకుండా వినిపిస్తే, నాతో సహా ఈ సభలో చాలామందిమి తేడా పట్టలేము. సభ్యుల ఫోన్లకు పంపడానికి అదే చేయండి, నాకు అభ్యంతరం లేదు. దాచిపెట్టే మొదటి ప్రతి సంగతి వేరు, ఎందుకంటే ఆ ప్రతి మీద ఇంకా చాలా పని జరుగుతుంది. వేగంగా తిరిగిన టేపులో ఒకటిన్నర శ్రుతిలో పాడినది రెండుకు దగ్గరగా వినిపిస్తుంది, దాన్ని సరిచేయాలి. రికార్డుల గరగరను తగ్గించాలి. ఒకసారి కోత పడిన ఫైలు మీద ఈ పనులన్నీ చేసి మళ్ళీ ఎంపీ3గా దాస్తే కోత మీద కోత పడుతుంది. పైగా గరగరను లాసీ పద్ధతిలో దాచడం చాలా ఖర్చుతో కూడిన పని; ఉన్న కొద్ది బిట్లను ఆ రొద తినేస్తే పాటకు మిగిలేది తక్కువ. పాత రికార్డులు ఎలాగూ బాగుండవు, వాటికి ఎంపీ3 చాలు అనే వాదం అందుకే తలకిందుల వాదం.

ఇక ఖర్చు మాట. మన దగ్గర 90 నిమిషాల క్యాసెట్లు 400 ఉన్నాయనుకుంటే, అది 600 గంటలు. ధ్వని భాండాగారాల అంతర్జాతీయ సంఘం ఐఏఎస్ఏ ఒక్కొక్క కొలతకు కనీసం 24 బిట్లు, శాంప్లింగు కనీసం 48,000 హెర్ట్జ్ ఉండాలని, వీలైతే 96,000 మేలని చెబుతుంది. ఆ పై స్థాయిలో, స్టీరియోలో, అంటే రెండు ధ్వని వరసలుగా, చేసినా గంటకు సుమారు రెండు గిగాబైట్ల చొప్పున మొత్తం 1.2 టెరాబైట్లు, ఫ్లాక్ చేస్తే ఇంకా తగ్గుతుంది. రెండు టెరాబైట్ల డిస్కు ఒకటి చాలు. అసలు ఖర్చు డిస్కు కాదు, ఆ 600 గంటలు డెక్కు పక్కన కూర్చునే మనిషి. ఎంపీ3 చేసినా అవే 600 గంటలు కూర్చోవాలి! ప్రతి క్యాసెట్‌కూ టేపును చదివే హెడ్డు కోణం సరిచూసుకోవాలి, బూజు తుడవాలి, తెగిన చోట అతికించాలి. అంత శ్రమా పడి, చివర్లో డిస్కు మీద కొన్ని వేలు మిగిల్చుకోవడానికి ఫలితాన్ని కోసేయడం ఏమి పొదుపో కోశాధికారి గారే చెప్పాలి.

కార్యదర్శి గారు, మినిట్స్ పుస్తకం మీ దగ్గరే ఉంది కాబట్టి ఇప్పుడే రాసుకోండి: మొదటి ప్రతి 24 బిట్లు, 96,000 హెర్ట్జ్, ఫ్లాక్, దాని మీద గరగర తగ్గించే ఏ మందూ వాడకూడదు, వాడదలిస్తే నకలు తీసుకుని వాడాలి, 78 రికార్డులు మోనో (ఒకే ధ్వని వరస) అయినా స్టీరియోగానే ఎక్కించాలి, అలా అయితే గాడి రెండు గోడల్లో ఏది తక్కువ అరిగిందో తర్వాత ఎంచుకోవచ్చు, ఎక్కించిన టేపులు, రికార్డులు ఏవీ ఈ భవనం దాటకూడదు. ఆ మొదటి ప్రతికి నకలుగా ఉంచే రెండో డిస్కు మాత్రం ఈ భవనంలో ఉండకూడదు. గోదావరి వరద వచ్చినప్పుడు ఈ వీధిలోకి నీళ్ళు వస్తాయి కాబట్టి, దాన్ని మేడ మీద ఇల్లున్న సభ్యులెవరైనా ఉంచుకోవాలి. ఎవరు ఉంచుకుంటారో ఈ రోజే పేరు చెప్పండి.