పందెం మానిన జాగిలం మన ఇంటికొస్తే

శ్రోతలకు నమస్కారం. గ్రేహౌండ్స్ అంటే మనకు పోలీసు దళమే గుర్తొస్తుంది. ఈ రోజు మాట్లాడేది ఆ పేరున్న కుక్క గురించి. ఐర్లాండ్, ఇంగ్లండ్, ఆస్ట్రేలియాల్లో పరుగు పందెం గ్రేహౌండ్లను నాలుగైదేళ్ల వయసుకే పక్కన పెడతారు. ఆ తర్వాత వాటిని చాలామంది ఇళ్లకు తెచ్చుకుని సాకుతారు. మనకు పొరుగునున్న కర్ణాటక ముధోల్ జాగిలం కూడా ఆ తీరుదే. ఆ ముధోల్ బాగల్‌కోట్ జిల్లాలోది, మన నిర్మల్ జిల్లాలోది కాదు. ఇలాంటి జాగిలాలతో చేసే కుందేలు వేట 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం. కాబట్టి వేట మాన్పించిన జాగిలాన్ని ఊరి మీద వదిలేయకండి, ఇంటి కుక్కగా చేసుకోండి.

గంటకు 70 కిలోమీటర్ల దాకా ఉరికే కుక్క ఇంట్లో ఆగుతుందా అని అడుగుతారు. ఆగుతుంది. పగలూ రాత్రీ కలిపి పదహారు గంటలైనా పండుకునే ఉంటుంది. భయమంతా గేటు దాటి ఉరుకుతుందనే.

ముందు బెల్టు సంగతి. దీని మెడ, తల ఇంచుమించు ఒకే లావు. మామూలు బెల్టు వేస్తే ఒక్కసారి వెనక్కి గుంజి తల ఊడదీసుకుంటుంది. దీనికి గుంజితే బిగిసే మార్టింగేల్ బెల్టు కావాలి. దొరక్కపోతే తోలుపని చేసేవాళ్లతో కుట్టించుకోవచ్చు. రెండంగుళాల వెడల్పు నవారుకు రెండు చివరలా ఇనుప రింగులు వేసి, ఆ రింగుల్లోంచి సన్నటి నవారు చుట్టు ఒకటి పోనివ్వాలి. పొడవు సరిచేయడానికి బకిల్ ఉండాలి. తాడు తగిలించేది ఆ చిన్న చుట్టుకే. కుక్క గుంజితే చిన్న చుట్టు సాగుతుంది, పెద్దది మెడకు బిగుస్తుంది. బిగిసినప్పుడు రింగుల మధ్య రెండు వేళ్ల ఎడం మిగలాలి. రింగులు ఒకదానికొకటి తగిలాయంటే బెల్టు వదులని అర్థం. తాడు ఆరడుగులు మించొద్దు. పొడుగు తాడైతే నాలుగు అంగల్లోనే వేగం అందుకుని, తాడు చివర మెడ విరగ్గొట్టుకోవచ్చు.

కోళ్లు, మేకపిల్లల మధ్య విడిచిపెట్టకండి. ఇంట్లో పిల్లితో కలిసి పండుకున్న జాగిలమే, అదే పిల్లి వాకిట్లో ఉరికితే వెంటపడుతుంది. అది కోపం కాదు, కదిలేదాన్ని చూస్తే కాలు ఆగదు, అంతే.

చివరి రెండు మూడు పక్కటెముకలు కనిపిస్తుంటే కుక్క సరిగ్గా ఉన్నట్టే. ఎండిపోయిందని ఇరుగుపొరుగు అంటే విని లావు చేయకండి, కీళ్లు దెబ్బతింటాయి. జొన్న గటక ఒక్కటే చాలదు, గుడ్డో మాంసమో కలపాలి. ఉడికించిన కోడి ఎముకలు, ఉల్లిగడ్డ వద్దు. తిండి రెండు పూటలుగా పెట్టండి, తిన్న వెంటనే ఉరకనివ్వకండి.

ఒంట్లో కొవ్వు తక్కువ, తోలు పలుచన. బండల మీద పండుకుంటే మోచేతులకు పుండ్లు పడతాయి, బొంత మడిచి వేయండి. నిద్రలో తాకితే ఉలిక్కిపడి కరవొచ్చు. పేరు పెట్టి పిలిచి లేపమని పిల్లలకు చెప్పండి.

మే నెల నల్లగొండ ఎండలో నడక తెల్లవారకముందే అయిపోవాలి. రొప్పు ఆగక, చిగుళ్లు ముదురు ఎరుపెక్కి, తూలుతుంటే వడదెబ్బే. ఒళ్లంతా మామూలు నీళ్లతో తడుపుతూ ఫ్యాను కిందికి చేర్చి, వెంటనే పశువుల దవాఖానకు తీసుకెళ్లండి.

ఆపరేషన్ ఏదైనా ఉంటే డాక్టరుతో ఇది గ్రేహౌండ్ తీరు జాగిలమని ముందే చెప్పండి. థయోపెంటోన్ మత్తుమందు ఇస్తే ఈ జాతి తేరుకోవడానికి చాలా ఎక్కువ సమయం పడుతుంది. ఆ మాట వింటే డాక్టరు వేరే మందు ఎంచుకుంటారు.