బెర్లిన్‌లో ఒక సెమిస్టర్ రివ్యూ: ఆ టికెట్ గురించి ఎవరూ ఎందుకు చెప్పట్లేదు?

అందరికీ నమస్కారం. ముందుగా స్పాన్సర్ సంగతి చెప్పేస్తా. ఒక ఈ-సిమ్ కంపెనీ వాళ్లు నేను అక్కడున్నన్నాళ్లూ డేటా ఫ్రీగా ఇచ్చారు, లింకు కింద ఉంది. సిమ్ బాగా పనిచేసింది, ఎక్కడా ఇబ్బంది పెట్టలేదు. సెమిస్టర్ ఖర్చు మాత్రం మా ఇంట్లోంచే వెళ్లింది. కాబట్టి ఇక నుంచి వినేదంతా నా సొంత అభిప్రాయం.

బెర్లిన్, హుంబోల్ట్ యూనివర్సిటీ, వింటర్ సెమిస్టర్, ఎక్స్‌చేంజ్. ర్యాంకులు, కోర్సుల లిస్టు, వీసా కాగితాలు మీరు ఈపాటికి పది వీడియోల్లో చూసే ఉంటారు. బ్లాక్డ్ అకౌంట్‌లో, అంటే వీసా కోసం ముందే డబ్బు వేసి ఉంచే ఖాతాలో, నెలకి 992 యూరోల లెక్కన డబ్బు చూపించాలన్న విషయమూ తెలిసే ఉంటుంది. అవన్నీ నేను మళ్లీ చదవను. ఆ వీడియోల్లో ఎవరూ ఒక్క నిమిషం కూడా ఆగి మాట్లాడనిది ఒకటుంది. సెమిస్టర్ టికెట్, అంటే స్టూడెంట్లకిచ్చే బస్సు, రైలు పాసు. ఈరోజు ఎక్కువసేపు దాని గురించే మాట్లాడతా.

ఎక్స్‌చేంజ్‌లో వెళ్తే అక్కడ ట్యూషన్ ఫీజు ఉండదు, సెమిస్టర్ కంట్రిబ్యూషన్ అని ఒకటి కట్టాలి. టికెట్ డబ్బులు అందులోనే కలిసి ఉంటాయి. జర్మనీ మొత్తం తిరిగే డాయిచ్‌లాండ్ టికెట్ 2025లో మామూలు జనానికి నెలకి 58 యూరోలు ఉండేది. మన సెమిస్టర్ టికెట్ అదే, స్టూడెంట్లకి అందులో 60 శాతమే, అంటే అప్పుడు 34 యూరోల 80 సెంట్లు. దాంతో బస్సు, ట్రామ్, యు-బాన్ (మెట్రో), ఎస్-బాన్ (సిటీ లోకల్ రైలు), రీజనల్ రైళ్లు ఏవైనా, జర్మనీలో ఎక్కడైనా ఎక్కొచ్చు. ఐసీఈ లాంటి దూరప్రయాణాల ఎక్స్‌ప్రెస్‌లు మాత్రం కుదరవు. బెర్లిన్ స్టేషన్లలో గేట్లు ఉండవు, మెట్లు దిగి నేరుగా రైలెక్కేయడమే. మామూలు బట్టల్లో ఉన్న చెకింగ్ వాళ్లు ఎప్పుడో ఒకసారి లేచి అడుగుతారు. టికెట్ లేకపోతే 60 యూరోలు ఫైన్. టికెట్ ఫోన్లోనే ఉంటుంది కాబట్టి చార్జింగ్ చూసుకోండి.

దీనికింత హడావుడి ఎందుకంటారా? పోయినేడాది సింగపూర్ సమ్మర్ స్కూల్ రివ్యూలో అక్కడి మెట్రోని తెగ మెచ్చుకున్నాను. ఆ మాట మీద ఇప్పటికీ ఉన్నాను, అంత శుభ్రంగా, అంత టైముకి నడిచే రైళ్లు నేను ఇంకెక్కడా చూడలేదు. కానీ అక్కడ దూరాన్ని బట్టి డబ్బు కట్ అవుతుంది. బయటికొస్తూ కార్డు ఆనించిన ప్రతిసారీ మిగిలిన బ్యాలెన్స్ కనిపిస్తుంది. ఇంకో రెండు స్టేషన్లు వెళ్దామా అనిపించినా, ఎందుకులే అని వెనక్కి వచ్చేస్తాం. బెర్లిన్‌లో డబ్బు ముందే కట్టేశాం. పేరు నచ్చిందని ఒక స్టేషన్లో దిగినా, బాలేదని వెంటనే ఇంకో రైలెక్కినా పైసా పోదు. స్టూడెంట్‌కి అంత స్వేచ్ఛ దొరికితే తిరగడమే వేరుగా ఉంటుంది.

ఇంకోవైపు మా పెద్దమ్మ కొడుకుని చూడండి. డాలస్ దగ్గర ఎమ్మెస్. కారు కొనే వరకు పాలు తెచ్చుకోవాలన్నా రూమ్మేట్‌ని అడగాల్సిందే. రెండేళ్ల కోర్సు కాబట్టి అన్నయ్య నెమ్మదిగా సర్దుకున్నాడు. మనకున్నది ఒక్క సెమిస్టర్. ఊరు అలవాటయ్యే లోపే తిరుగు ప్రయాణం టికెట్ బుక్ చేసుకోవాలి. అందుకే పెద్ద సిటీ యూనివర్సిటీ ఎంచుకునేటప్పుడు ర్యాంకు కంటే ముందు ట్రాన్స్‌పోర్ట్ చూడమని గట్టిగా చెప్తున్నా.

నేను ఏం చేసేదాన్నంటే, క్లాసు అయిపోగానే రింగ్ ఎక్కేసేదాన్ని. ఊరి చుట్టూ వలయంలా తిరిగే ఎస్-బాన్ అది. ఎస్41 ఒకవైపు, ఎస్42 రెండోవైపు. 37 కిలోమీటర్లు, 27 స్టేషన్లు, చుట్టూ తిరిగి రావడానికి గంట. కిటికీ పక్కన కూర్చుని రీడింగ్స్ చదువుకుంటూ, నచ్చిన చోట దిగిపోవడమే.

యు6 లైన్ కథ ఇంకా బాగుంటుంది. ఊరిని తూర్పు, పశ్చిమాలుగా చీల్చిన బెర్లిన్ గోడ ఉన్న రోజుల్లో అది పశ్చిమ బెర్లిన్ లైను, కానీ మధ్యలో కొంత దూరం తూర్పు బెర్లిన్ కింద నుంచి వెళ్లేది. ఆ భాగంలో ఫ్రీడ్రిష్‌స్ట్రాసెలో తప్ప రైలు ఆగేది కాదు, మిగతా స్టేషన్లన్నీ మూసేశారు. ఫ్రీడ్రిష్‌స్ట్రాసె స్టేషన్ పక్కనే గాజు గోడల హాలు ఒకటి ఉంది, ట్రేనెన్‌పలాస్ట్. తూర్పు నుంచి తిరిగి వెళ్లేవాళ్లకి అయినవాళ్లు వీడ్కోలు చెప్పిన చోటు. ఇప్పుడు మ్యూజియం, ప్రవేశం ఫ్రీ. నేను రోజూ దిగే స్టేషన్ అదే. క్లాసులో జర్మనీ విభజన గురించి చదివిన అధ్యాయం బయట మెట్ల దగ్గరే కనిపిస్తుంటే పుస్తకం చదివే తీరే మారిపోయింది.

యూనివర్సిటీలు కూడా ఆ విభజనతోనే ముడిపడ్డాయి. హుంబోల్ట్ 1810లో మొదలైంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత సోవియట్ సెక్టార్‌లోకి, అంటే తూర్పు బెర్లిన్‌లోకి వెళ్లింది. అక్కడి ఒత్తిడి భరించలేక విడిపోయిన విద్యార్థులు, టీచర్లు 1948లో పశ్చిమాన డాలెమ్‌లో ఫ్రీ యూనివర్సిటీ పెట్టుకున్నారు. ఈరోజు ఒక యూనివర్సిటీలో పేరు నమోదైనవాళ్లు, రెండోది ఒప్పుకుంటే, అక్కడ కోర్సు తీసుకోవచ్చు. డాలెమ్‌కి యు3లో వెళ్లడమే, మళ్లీ అదే టికెట్.

ఇక్కడ మనవాళ్ల జాడ కూడా ఉంది. 1897లో హైదరాబాద్‌లో పుట్టిన జాకిర్ హుస్సేన్ గారు బెర్లిన్ యూనివర్సిటీలో, అంటే ఇప్పటి హుంబోల్ట్‌లో, 1926లో ఎకనామిక్స్ డాక్టరేట్ తీసుకున్నారు. తర్వాత 1967లో రాష్ట్రపతి అయ్యారు. ఉంటర్ డెన్ లిండెన్ అనే వీధిలో ఆ మెయిన్ బిల్డింగ్ ముందు నిలబడి మా నాన్నకి వీడియో కాల్‌లో ఈ సంగతి చెప్తే, ఫీజు రసీదు చూసినప్పటి కంటే ఎక్కువ సంతోషించారు.

టికెట్ విషయంలో ఆఖరి మాట, ఎఫ్10. ఇది రైలు కాదు, పడవ. వాన్‌జే స్టేషన్లో దిగి, కిందికి నడిస్తే రేవు. అక్కడి నుంచి క్లాడో అనే చోటికి సరస్సు మీద 20 నిమిషాలు. సిటీ బస్సు టికెట్టే దీనికీ చెల్లుతుంది, అదనంగా ఒక్క సెంటు కట్టక్కర్లేదు. పై డెక్ మీద చలిగాలికి చెవులు మొద్దుబారిపోతాయి. థర్మోస్‌లో టీ పోసుకుని వెళ్లండి. పక్కన కూర్చున్న పెద్దావిడ కూరగాయల సంచితో ఇంటికెళ్తోంది. మనకి విహారం, ఆవిడకి రోజువారీ బస్సు. నాకు ఈ సెమిస్టర్ మొత్తంలో బాగా నచ్చినది ఇదే.

చదువు సంగతి త్వరగా చెప్పేస్తా. టైమ్‌టేబుల్‌లో 10 అని ఉంటే క్లాసు 10:15కి మొదలవుతుంది. మిడ్ ఎగ్జామ్స్ లాంటివి నా కోర్సుల్లో లేవు, ఆఖర్లో ఒక పరీక్ష లేదా ఒక పేపర్. పరీక్షకి మనమే రిజిస్టర్ చేసుకోవాలి. గ్రిమ్ సెంట్రుమ్ లైబ్రరీ అద్భుతం, మెట్లు మెట్లుగా దిగే రీడింగ్ హాలు. బ్యాగు మాత్రం లాకర్లో పెట్టి వెళ్లాలి. క్యాంటీన్‌ని మెన్సా అంటారు. శాకాహారులు బెంగ పెట్టుకోకండి, బెర్లిన్ మెన్సాల్లో ఎక్కువ భాగం వీగన్, వెజ్ వంటలే. ఉప్పూ కారం మనమే చూసుకోవాలి, అది వేరే విషయం.

ఇప్పుడు నాకు కోపం తెప్పించింది చెప్తా. అడ్రస్. ఇంట్లో చేరిన 14 రోజుల్లో అన్‌మెల్డుంగ్, అంటే అడ్రస్ నమోదు, చేయించుకోవాలి. దానికి ఇంటి ఓనర్ సంతకం చేసిన ఫారం కావాలి. ఆ కాగితం లేకపోతే వరుసగా మిగతా పనులన్నీ ఆగిపోతాయి. నాకు మొదట గది ఇచ్చినాయన అడ్వాన్సు తీసుకునే వరకు తియ్యగా మాట్లాడి, తాళం చేతికిచ్చాక "రిజిస్ట్రేషన్ కుదరదు" అన్నాడు. కొత్త ఊళ్లో, చలిలో, పరాయి భాషలో ఒక స్టూడెంట్‌ని అలా నిలబెట్టడం దుర్మార్గం. గది కోసం ఎవరికి మెసేజ్ పెట్టినా మొదటి ప్రశ్న "అన్‌మెల్డుంగ్ ఇస్తారా?" అనే ఉండాలి. రాతపూర్వకంగా ఒప్పుకుంటేనే డబ్బు పంపండి. స్టూడెంట్ హాస్టళ్లకి వెయిటింగ్ లిస్టు పొడుగు, అడ్మిషన్ కన్ఫర్మ్ అయిన రోజే పేరు వేయించండి. నమోదయ్యాక రేడియో, టీవీ ఫీజు అని ఉత్తరం వస్తుంది, భయపడకండి. ఇంటికి నెలకి 18 యూరోల 36 సెంట్లు, ఫ్లాట్‌మేట్స్‌తో పంచుకోవచ్చు.

ఇంకో చిక్కు క్యాలెండర్. వింటర్ క్లాసులు అక్టోబర్ మధ్యలో మొదలై ఫిబ్రవరి మధ్య వరకు నడుస్తాయి. మన కాలేజీల్లో ఆ గడువు రెండు సెమిస్టర్ల మీదకి పడుతుంది. క్రెడిట్లు ఎలా కలుపుతారో హెచ్ఓడీ చేత కాగితం మీద రాయించుకున్నాకే ఫ్లైట్ బుక్ చేయండి. పైగా డిసెంబర్‌లో సాయంత్రం 4 లోపే చీకటి పడిపోతుంది. ఏప్రిల్‌లో మొదలయ్యే సమ్మర్ సెమిస్టర్ దొరికితే కళ్లు మూసుకుని అదే తీసుకోండి, ఆ పడవ ఎండలో ఎక్కొచ్చు.

నా తీర్పు: వెళ్లండి. ఇల్లు దొరకడానికి నేను 10కి 3 కూడా ఇవ్వను, అయినా మొత్తం సెమిస్టర్‌కి 9 ఇస్తున్నా, కారణం మీకు తెలుసు. క్యాంపస్ దాటి బయటికి వెళ్లే ఆసక్తి లేనివాళ్లకి మాత్రం ఈ సిటీ సిఫారసు చేయను. గది అడిగేటప్పుడు పంపాల్సిన మెసేజ్ జర్మన్‌లో రాసి కింద పెట్టాను, కాపీ చేసుకోండి. ఇన్సూరెన్స్ గురించి వచ్చే వారం మాట్లాడదాం.