టెస్టు పేపరు పక్కన పెట్టుకుని ఫోన్ చేయండి: అమెరికా హైస్కూల్ లెక్కలపై ఫోన్-ఇన్

యాంకర్: నమస్కారం. అమెరికాలో హైస్కూల్ పిల్లలున్న తల్లిదండ్రుల కోసం ఈ రోజు కార్యక్రమం. ఆల్జీబ్రా, జామెట్రీ... వీటిలో తప్పనిసరి ఏది, పిల్లలు వెనకబడితే సాయం ఎక్కడ దొరుకుతుంది, ఇవన్నీ అడగొచ్చు. మీ ప్రశ్నలకి జవాబులు చెప్పే మేడం లైన్లో ఉన్నారు. మొదలుపెడదామా మేడం?

మేడం: పెడదాం. ముందొక్క మాట. పిల్లల టెస్టు పేపరు ఇంట్లో ఉంటే పక్కన పెట్టుకుని ఫోన్ చేయండి. "అరవై వచ్చింది" అంటే నాకేమీ అర్థం కాదు. ఏ లైన్లో తప్పాడో చెప్తే ఏదైనా చెప్పగలను.

యాంకర్: ఫ్రిస్కో నుంచి మొదటి కాల్. చెప్పండి సార్.

కాలర్ (ఫ్రిస్కో): నమస్తే మేడం. టెక్సస్‌లో ఆల్జీబ్రా 2 లేకుండానే డిప్లొమా వస్తుందంటున్నారు. మా అమ్మాయికి లెక్కలంటే అసలు పడదు. మానిపించేయొచ్చా?

మేడం: డిప్లొమా వస్తుంది, నిజమే. ఫౌండేషన్ ప్లాన్‌కి, అంటే అక్కడి మామూలు డిప్లొమాకి, మూడు మ్యాథ్ క్రెడిట్లు చాలు. ఆల్జీబ్రా 1, జామెట్రీ, ఇంకొకటి. కానీ మీరు చూడాల్సింది "డిస్టింగ్విష్డ్ లెవెల్ ఆఫ్ అచీవ్‌మెంట్" అనే మాట. దానికి నాలుగు మ్యాథ్ క్రెడిట్లుండాలి, అందులో ఆల్జీబ్రా 2 కచ్చితంగా ఉండాలి. అది లేకపోతే క్లాసులో టాప్ పది శాతంలో ఉన్నా అక్కడి స్టేట్ యూనివర్సిటీల్లో ఆటోమేటిక్ అడ్మిషన్‌కి అర్హత పోవచ్చు. ఆస్టిన్‌లోని యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్‌లో అయితే పది శాతం కంటే ఇంకా బిగువు. కాబట్టి మానిపించకండి. పదో క్లాసులో కష్టమైతే పదకొండులో తీసుకోనివ్వండి.

కాలర్ (ఫ్రిస్కో): ఆల్జీబ్రా 1కి స్టేట్ పరీక్ష కూడా...

మేడం: ఉంది, స్టార్ పరీక్ష. గ్రాడ్యుయేట్ కావాలంటే మామూలుగా అది పాస్ కావాలి. తప్పితే మళ్ళీ రాయనిస్తారు. కంగారేం లేదు.

యాంకర్: థాంక్యూ సార్. షార్లెట్ నుంచి ఒక అమ్మ ఉన్నారు.

కాలర్ (షార్లెట్): మేడం నమస్కారమండి. మా బాబు పదో క్లాసు. మొన్న 58, అంతకుముందు 61. ట్యూటర్‌ని పెట్టి మూడు నెలలైంది, వారానికి రెండు గంటలు. హోంవర్కులో నూటికి నూరు వస్తోంది, టెస్టులో మాత్రం ఇలా. ట్యూటర్‌ని మార్చాలా? మా ఆయనేమో ట్యూషన్ సెంటర్‌లో చేర్పిద్దామంటారు, నేనేమో ఆన్‌లైన్ అంటాను. ఆల్జీబ్రా 2 వర్క్‌బుక్ కూడా కొన్నాను, వాడు ముట్టుకోడు...

మేడం: ఆగండమ్మా. నార్త్ కరోలైనా కదా మీది? అక్కడ ఆల్జీబ్రా 2 అని కోర్సు లేదు. మ్యాథ్ 1, మ్యాథ్ 2, మ్యాథ్ 3. మీ వాడిది ఏది?

కాలర్ (షార్లెట్): మ్యాథ్ 2... ఆనర్స్, అంటే కష్టమైన స్థాయిది.

మేడం: చూశారా. మ్యాథ్ 2లో క్వాడ్రాటిక్స్, అంటే వర్గ సమీకరణాలు ఉంటాయి, వాటితో పాటు సరూప త్రిభుజాలు, సైన్, కాస్, ప్రాబబిలిటీ కలిసి ఉంటాయి. మీరు కొన్న వర్క్‌బుక్ వరస వేరు, బడిలో వరస వేరు. వాడు ముట్టుకోకపోవడంలో వాడి తప్పు సగమే. ఖాన్ అకాడమీలో "ఇంటిగ్రేటెడ్ మ్యాథ్ 2" అని విడిగా ఉంది, ఉచితం. అక్కడ కూడా యూనిట్ల వరస టీచర్ చెప్పే వరసలోనే ఉంటుందని అనుకోకండి. టీచర్ యూనిట్ పేరు చూసుకుని దానికి సరిపోయేదే తీయండి.

కాలర్ (షార్లెట్): అయితే ట్యూటర్‌ని మార్చమంటారా?

మేడం: ముందు పేపరు. ఉందా?

కాలర్ (షార్లెట్): ఉందండి, చేతిలోనే ఉంది.

మేడం: తప్పయిన మొదటి లెక్క చదవండి. ప్రశ్న, తర్వాత వాడు రాసిన మొదటి రెండు లైన్లు.

కాలర్ (షార్లెట్): 2 ఎక్స్ స్క్వేర్ మైనస్ 5 ఎక్స్ మైనస్ 3 ఈక్వల్ టు జీరో. వాడు ఫార్ములా రాశాడు... రూట్ లోపల 25 మైనస్ 24 అని రాశాడు.

మేడం: అక్కడే పోయింది. ఫార్ములాలో సి, అంటే ఎక్స్ లేని చివరి అంకె, 3 కాదు, మైనస్ 3. మైనస్ 4, దాన్ని 2తో, దాన్ని మైనస్ 3తో గుణిస్తే ప్లస్ 24. రూట్ లోపల 49 రావాలి, బయటికి 7. జవాబులు 3, మైనస్ అర. వీడికి ఒకటిన్నర, 1 వచ్చి ఉంటాయి.

కాలర్ (షార్లెట్): అవునండీ! అవే ఉన్నాయి.

మేడం: అంటే ఫార్ములా వచ్చు, దాన్ని వాడటమూ వచ్చు. మైనస్‌ని మింగేశాడు. ఇంకోటి చదవండి.

కాలర్ (షార్లెట్): త్రిభుజాల లెక్క. ఎక్స్ బై 6 ఈక్వల్ టు ఎక్స్ ప్లస్ 3 బై 10. కింద 10 ఎక్స్ ఈక్వల్ టు 6 ఎక్స్ ప్లస్ 3 అని రాశాడు.

మేడం: 6 ఎక్స్ ప్లస్ 18 రావాలి. ఆరు ఎక్స్‌ని గుణించింది, మూడుని వదిలేసింది. ఎక్స్ నాలుగున్నర రావాల్సింది, వాడికి ముప్పావు వచ్చింది. ఎక్స్ ప్లస్ 3కి బ్రాకెట్ పెట్టి ఉంటే తప్పేవాడు కాదు. ఎక్కడైనా హోల్ స్క్వేర్ ఉందా?

కాలర్ (షార్లెట్): ఉంది... ఎక్స్ ప్లస్ 3 హోల్ స్క్వేర్. ఎక్స్ స్క్వేర్ ప్లస్ 9 అని...

మేడం: అనుకున్నాను. మధ్యలో 6 ఎక్స్ ఎగిరిపోయింది. అమ్మా, మూడు లెక్కలూ వేరు వేరు పాఠాలవి. తప్పు మాత్రం ఒక్కటే కుటుంబం. బ్రాకెట్, మైనస్ గుర్తు. ఇవి మ్యాథ్ 2 పాఠాలు కావు, ఎనిమిదో క్లాసు లోపు కుదరాల్సినవి. మూడు నెలలుగా ట్యూటర్ ఇవాళ్టి పాఠం మళ్ళీ చెప్తున్నాడు. రంధ్రం మాత్రం కింద ఉంది.

కాలర్ (షార్లెట్): మరి హోంవర్కులో నూరు ఎలా వస్తోందండి?

మేడం: ట్యూటర్ వచ్చినప్పుడు పెన్ను ఎవరి చేతిలో ఉంటుంది?

కాలర్ (షార్లెట్): ...ఆయన చేతిలోనే ఉంటుందండి.

మేడం: పెన్ను వాడి చేతికి వచ్చినా, వాడు తప్పు రాయబోయే క్షణంలో ట్యూటర్ "ఊఁ, గుర్తు చూసుకో" అంటాడు. వాడు దిద్దుకుంటాడు. టెస్టులో ఆ "ఊఁ" అనేవాడు ఉండడు. వాడి హోంవర్కు మార్కు కొంత ట్యూటర్ మార్కు.

కాలర్ (షార్లెట్): అర్థమైందండి. అంటే ట్యూటర్‌ని మార్చేయమంటారా?

మేడం: అమ్మా, మూడోసారి అడుగుతున్నారు! మార్చడం కాదు, పని మార్చండి. రాసుకోండి. ట్యూటర్ రాగానే మొదటి పది నిమిషాలు నోరు తెరవకూడదు. గత వారం తప్పయిన లెక్కలు మూడు ఇచ్చి, పిల్లవాడు పైకి చెప్తూ చేస్తుంటే చూడాలి. మొదటి తప్పు లైను కింద గీత పెట్టాలి, అంతే. తర్వాతే పాఠం. దీనికి ఒప్పుకోకపోతే అప్పుడు మార్చండి.

ఇంట్లో వాడు చేయాల్సింది: తప్పయిన ప్రతి లెక్కనీ నోట్సు చూడకుండా కొత్త కాగితం మీద చేయాలి. రెండు రోజులాగి అదే లెక్క మళ్ళీ. చాలామంది ఈ రెండోసారి వదిలేస్తారు. వెంటనే చేస్తే వచ్చింది జ్ఞాపకం, రెండు రోజుల తర్వాత చేస్తే వచ్చింది లెక్క. తర్వాత అలాంటివే మరో మూడు. రోజుకి పాతిక నిమిషాలు చాలు, ఆదివారం మూడు గంటలు కూర్చోబెట్టొద్దు. ఫార్ములాలో విలువలు వేసే ముందు ఖాళీ బ్రాకెట్లు గీయమనండి. మైనస్ 4, బ్రాకెట్, బ్రాకెట్. తర్వాతే అంకెలు లోపల పెట్టాలి. మైనస్ 3 బ్రాకెట్లో కూర్చుంటే తప్పించుకోలేదు. హోల్ స్క్వేర్ అనుమానమొస్తే ఎక్స్ బదులు 1 వేసి చూడమనండి. ఇటు 16, అటు 10. వాడికే తెలిసిపోతుంది.

కాలర్ (షార్లెట్): ఆనర్స్ నుంచి దించేయమంటారా? పరువు...

మేడం: పరువు సంగతి తర్వాత. మ్యాథ్ 2 మానడానికి కుదరదు, మీ స్టేట్‌లో మ్యాథ్ 1, 2, 3 మూడూ చేసి పైన నాలుగోది కూడా చేయాలి. ఆనర్స్ నుంచి మామూలు మ్యాథ్ 2కి మారడం వేరు సంగతి. ఆనర్స్‌కి వెయిటెడ్ జీపీఏలో, అంటే కోర్సు కష్టాన్ని బట్టి వేసే సగటులో, అర పాయింటు ఎక్కువ, నిజమే. 58తో ఆ అర పాయింటు ఏం చేసుకుంటారు? మారడానికి గడువుంటుంది, అది దాటితే ట్రాన్స్‌క్రిప్ట్ మీద, అంటే కాలేజీలు చూసే మార్కుల రికార్డు మీద, పడొచ్చు. ఈ వారమే కౌన్సెలర్‌ని ఆ తేదీ అడగండి. ఈమెయిల్‌లో అడగండి, ఫోన్లో కాదు.

టీచర్‌కి కూడా ఒక ఈమెయిల్. నాలుగే ప్రశ్నలు. ఇవ్వని అసైన్‌మెంట్లు ఏమున్నాయి? ఏ యూనిట్లో బలహీనం? టెస్టు కరెక్షన్లు గానీ మళ్ళీ రాయడం గానీ ఉన్నాయా, ఆఖరి తేదీ ఎప్పుడు? బడి అయ్యాక మీరు ఏ రోజు కూర్చుంటారు? "మా వాడు ఎలా చదువుతున్నాడు" అని రాస్తే "బాగా కష్టపడుతున్నాడు" అని జవాబొస్తుంది, దాంతో మీకు ఒరిగేదేమీ లేదు.

కాలర్ (షార్లెట్): చాలా థాంక్సండి. మా ఆయన సెంటర్ అంటున్నారు కదా, అది...

మేడం: పేపరు చూడకుండా ఎవరినీ పెట్టొద్దు. సెంటరైనా, ఆన్‌లైనైనా. చేర్చుకునే ముందు వాళ్ళు ఈ పేపరు అడిగితే మంచి గుర్తు. అడక్కుండా ప్యాకేజీ గురించి మొదలుపెడితే లేచి వచ్చేయండి.

యాంకర్: చాలా సమయం తీసుకున్నాం. థాంక్యూ అమ్మా. తర్వాత శాన్ హోసే. హలో? ...హలో, లైన్ సరిగా లేదు. మళ్ళీ ప్రయత్నించండి. అట్లాంటా.

కాలర్ (అట్లాంటా): మేడం, నేను ఇంజనీర్‌ని. మా అబ్బాయికి నేనే చెప్దామని కూర్చుంటే, "మా టీచర్ ఇలా చెప్పలేదు" అని కొట్లాట. ఫ్యాక్టరింగ్‌కి, అదే కారణాంకాలకి, వీళ్ళు బాక్సులు గీస్తున్నారు. మనం మధ్య పదాన్ని విడగొట్టేవాళ్ళం కదా? పది సెకన్ల పని.

మేడం: రెండూ ఒకటే సార్. 6 ఎక్స్ స్క్వేర్ ప్లస్ 11 ఎక్స్ ప్లస్ 3 తీసుకోండి. మీరేం చేస్తారు?

కాలర్ (అట్లాంటా): ఆరు మూళ్ళు పద్దెనిమిది. 9, 2గా విడగొడతాను.

మేడం: ఆ 6 ఎక్స్ స్క్వేర్, 9 ఎక్స్, 2 ఎక్స్, 3... ఈ నాలుగింటినీ నాలుగు గళ్ళలో పెడితే అదే బాక్సు. అడ్డంగా, నిలువుగా కామన్ తీస్తే 3 ఎక్స్ ప్లస్ 1, 2 ఎక్స్ ప్లస్ 3. మీరు కాగితం మీద ఒక లైన్లో చేసింది వాడు గళ్ళలో చేశాడు. బాక్సు నేర్చుకుని వాడి బాక్సులోనే తప్పు చూపించండి. అప్పుడు వింటాడు.

ఇంకో సంగతి. "అటు పంపితే గుర్తు మారుతుంది" అని నేర్పారా?

కాలర్ (అట్లాంటా): నేర్పాను. అదే కదా పద్ధతి.

మేడం: అదే ఇప్పుడు కొంప ముంచేది. మైనస్ 3 ఎక్స్ ఈక్వల్ టు 12 ఇచ్చి చూడండి. సగం మంది పిల్లలు మైనస్ 3ని అటు పంపి ప్లస్ చేసి, ఎక్స్ 4 అంటారు. కొందరు 15 అంటారు. కూడికకి చెప్పిన మాటని గుణకారానికి అంటించేస్తారు. ఇక్కడ టీచర్లు "రెండు వైపులా అదే పని చెయ్యి" అంటారు. రెండు వైపులా మైనస్ 3తో భాగించు, మైనస్ 4. ఇంకో లైను ఎక్కువ పడుతుంది, పడనివ్వండి.

యాంకర్: థాంక్యూ సార్. శాన్ హోసే మళ్ళీ దొరికారు.

కాలర్ (శాన్ హోసే): ఆల్జీబ్రా 2లో డి వచ్చింది మేడం. స్కూల్ పాస్ అంటోంది, కౌన్సెలర్ మళ్ళీ చేయమంటోంది. ఏది నిజం?

మేడం: రెండూ నిజమే. డిప్లొమా లెక్క వేరు, కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీలు యూసీ, సీఎస్‌యూ అడ్మిషన్‌కి అడిగే ఏ-జీ కోర్సుల లెక్క వేరు. వాళ్ళకి మూడేళ్ళ మ్యాథ్ కావాలి, నాలుగేళ్ళైతే మంచిదంటారు, ప్రతిదాంట్లో సి గానీ పైన గానీ రావాలి. డి లెక్కలోకి రాదు. సమ్మర్‌లో చేయిస్తే ఆ కోర్సు ఏ-జీ లిస్టులో ఉందో లేదో డబ్బు కట్టకముందే చూసుకోండి.

యాంకర్: ఇంకో కాల్ తీసుకుందాం. న్యూజెర్సీ.

కాలర్ (న్యూజెర్సీ): మేడం, మా పాప తొమ్మిదో క్లాసు. మిగతా సబ్జెక్టులన్నీ బాగానే. ఏడూ ఎనిమిదీ కూడాలన్నా ఇప్పటికీ వేళ్ళు లెక్కపెడుతుంది. రోజూ చెప్పినా మర్నాటికి మర్చిపోతుంది. కోప్పడి కోప్పడి నాకే ఏడుపొస్తోంది.

మేడం: కోప్పడకండి తల్లీ. ఇది బద్ధకం కాకపోవచ్చు. పాపకి ప్రత్యేక సాయం కావాలేమో స్కూలే పరీక్షించి చూడాలి. అందుకు స్కూల్‌కి ఒక ఉత్తరం రాయండి, తేదీ వేసి. "స్పెషల్ ఎడ్యుకేషన్ ఎవాల్యుయేషన్ కోరుతున్నాను, లెక్కలు చేయడంలో, సమస్యలు సాధించడంలో ఇబ్బంది ఉంది" అని. చట్టంలో లెక్కల ఇబ్బందిని కూడా లెర్నింగ్ డిజెబిలిటీ కింద చూస్తారు. నోటితో చెప్తే దానికి రుజువుండదు. ఎవాల్యుయేషన్‌కి మీకు ఖర్చు లేదు. బయట డాక్టర్ దగ్గర కాగితం తెమ్మని మిమ్మల్ని నిలబెట్టకూడదు. వాళ్ళు ఒప్పుకుంటే మీ సంతకం తీసుకుంటారు. ఆ సంతకం నుంచి ఫెడరల్ నియమం 60 రోజులు, స్టేట్ వేరే గడువు పెట్టుకుంటే అది. ఒప్పుకోకపోతే ఎందుకో రాతపూర్వకంగా ఇవ్వాలి.

కాలర్ (న్యూజెర్సీ): నాకు ఇంగ్లీషులో మీటింగ్ అంటే భయమండి.

మేడం: తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని అదే ఉత్తరంలో రాయండి. ఉచితంగా ఏర్పాటు చేయాలి, అది మీ హక్కు. పాపనే అనువాదం చేయమని కూర్చోబెట్టొద్దు. తన గురించి చెప్పే మాటలు తనే మీకు చెప్పాల్సిన పరిస్థితి రాకూడదు.

కాలర్ (న్యూజెర్సీ): వాళ్ళు 504 అన్నారండి మొన్న...

మేడం: 504 ప్లాన్ అంటే ఇబ్బంది ఉన్న పిల్లలకి స్కూల్ రాసిచ్చే ప్లాన్, అందులో ఎక్కువగా సదుపాయాలుంటాయి. ఎక్కువ టైము, ఎక్కాల పట్టిక, కాలిక్యులేటర్, అలాంటివి. ఐఈపీలో, అంటే స్పెషల్ ఎడ్యుకేషన్ కింద ఒక్కో పిల్లకి రాసే ప్లాన్‌లో, విడిగా నేర్పే సమయం, కొలిచే లక్ష్యాలు రాస్తారు. మీ పాపకి నేర్పేవాళ్ళు కావాలి, టైము ఒక్కటే సరిపోదు. అందుకని 504 ఇస్తామన్నా ఎవాల్యుయేషన్ అడగడం ఆపకండి.

యాంకర్: మేడం, ఒక్క నిమిషమే ఉంది. షార్లెట్ అమ్మగారు మళ్ళీ లైన్లోకి వచ్చారు.

కాలర్ (షార్లెట్): సారీ మేడం, ఒక్కటే. ఆ పది నిమిషాలు ట్యూటర్ మాట్లాడకూడదన్నారు కదా. వాడు మధ్యలో ఆగిపోతే?

మేడం: ఆగిన చోటే గీత పెట్టి తర్వాతి లెక్కకి వెళ్ళమనండి. ఆగిన చోటు కూడా సమాచారమే. ఆ కాగితం మాత్రం పారేయకండి, తేదీ వేసి దాచండి. నెల తర్వాత...

యాంకర్: సమయం అయిపోయింది. మేడం, థాంక్యూ. లైన్లో ఉన్నవాళ్ళు వచ్చే వారం ప్రయత్నించండి.