మొక్కజొన్న చేల మధ్య కాలేజీ: గ్రినెల్ చూడ్డానికి పిల్లలతో వెళ్తే ఏం గమనించాలి?

[తెర మీద: రెండు పక్కలా కనుచూపు మేర మొక్కజొన్న చేలు. మధ్యలో 80వ నంబరు ఇంటర్‌స్టేట్. దూరంగా ధాన్యం నిల్వచేసే ఎత్తయిన గోదాములు.]

నమస్కారం. అమెరికాలో ఉంటున్న తెలుగువాళ్ళ ఇళ్ళల్లో పిల్లలు 11వ తరగతికి వచ్చేసరికి కాలేజీల లిస్టు తయారవుతుంది. అందులో ఎక్కువగా మనం విన్న పేర్లే ఉంటాయి: పెద్ద స్టేట్ యూనివర్సిటీలు, వాటి ఇంజనీరింగ్ స్కూళ్ళు. ఆ లిస్టులోకి సాధారణంగా రాని ఒక కాలేజీని ఈరోజు చూద్దాం. అయోవా రాష్ట్రంలో ఉన్న గ్రినెల్ కాలేజ్ అది. ఊరి పేరు కూడా గ్రినెలే. జనాభా పదివేలు కూడా ఉండదు. కాలేజీలో చదివేవాళ్ళు సుమారు 1,700 మంది. రాష్ట్ర రాజధాని డిమోయిన్ నుంచి కారులో గంట ప్రయాణం.

మా అక్క కూతురు డల్లాస్‌లో పెరిగింది. దాన్ని తీసుకుని అక్టోబర్‌లో అక్కడికి వెళ్ళాను. చేలల్లో కోత యంత్రాలు తిరుగుతున్నాయి. కారు దిగుతూనే, "పిన్నీ, ఇక్కడ సాయంత్రం పూట ఏం చేస్తారు?" అని అడిగింది. సరైన ప్రశ్న. ఇలాంటి కాలేజీకి వెళ్ళినప్పుడు ముందు తేల్చుకోవాల్సింది అదే.

[తెర మీద: కాలేజీ భవనాలు, పచ్చిక బయళ్ళు. క్యాంపస్ మధ్యలోంచి వెళ్తున్న గూడ్సు రైలు.]

ముందు ఈ కాలేజీ తీరు చెప్పాలి. ఇక్కడ డిగ్రీ చదువే ఉంటుంది, పీహెచ్‌డీ విద్యార్థులు ఉండరు. అంటే క్లాసు చెప్పేది ప్రొఫెసరే, పేపర్లు దిద్దేదీ ప్రొఫెసరే. ల్యాబులో రీసెర్చికి సాయం కావాలంటే డిగ్రీ పిల్లల్నే తీసుకోవాలి. పెద్ద యూనివర్సిటీలో మొదటి ఏడాది పిల్లలు రెండు మూడు వందల మంది కూర్చునే హాల్లో చివరి వరుసలో ఉండిపోవచ్చు. ఇక్కడ ఒక్కో క్లాసులో ఇరవై మంది కూడా ఉండకపోవడం మామూలే.

ఇంకో విషయం. ఫిజిక్స్ అయినా, కంప్యూటర్ సైన్స్ అయినా, చరిత్ర అయినా గ్రినెల్ ఇచ్చేది బీఏ డిగ్రీ మాత్రమే. మనవాళ్ళు ఇది వినగానే కంగారు పడతారు. పడనక్కర్లేదు, అమెరికాలో ఈ కాలేజీల నుంచి సైన్సులో పీహెచ్‌డీలకు వెళ్ళేవాళ్ళు చాలామందే. అయితే ఇంజనీరింగ్ డిగ్రీ ఇక్కడ లేదు. మీ అబ్బాయికి మెకానికల్ ఇంజనీరింగే కావాలని గట్టిగా ఉంటే మొహమాటం లేకుండా వేరే కాలేజీ చూసుకోండి.

తప్పనిసరి సబ్జెక్టుల గొడవ కూడా దాదాపు లేదు. అందరూ చదవాల్సిన కోర్సు ఒక్కటే, మొదటి సెమిస్టర్‌లో వచ్చే ట్యుటోరియల్. డజను మంది పైచిలుకు పిల్లలు, ఒక ప్రొఫెసరు, ఒకే అంశం మీద చదవడం, రాయడం, వాదించడం. మేజర్ ఎంచుకునేదాకా ఆ ప్రొఫెసరే వాళ్ళకి అడ్వైజర్. 124 క్రెడిట్లలో మిగతావన్నీ విద్యార్థి ఆ అడ్వైజర్‌తో కూర్చుని అల్లుకునేవే. ఇంత స్వేచ్ఛ కొందరికి వరం. చెప్పిన దారిలో బాగా నడిచే పిల్లలకి మాత్రం మొదట్లో టెన్షన్‌గానే ఉంటుంది. మీ పిల్లలు ఏ రకమో మీకు తెలుసు.

[తెర మీద: 1940ల నాటి ఫిజిక్స్ ల్యాబ్ బొమ్మ. పక్కన తొలినాటి ట్రాన్సిస్టర్ రేఖాచిత్రం.]

చిన్న కాలేజీ ఒక మనిషికి ఏం చేయగలదో చెప్పడానికి ఇక్కడే ఒక కథ ఉంది. రాబర్ట్ నోయ్స్ ఈ ఊళ్ళోనే పెరిగాడు, తండ్రి చర్చిలో పాస్టరు. గ్రినెల్‌లో చదువుతుండగా 1948లో హాస్టల్ విందు కోసం నోయ్స్, అతని స్నేహితుడు కలిసి పక్క పొలంలోంచి ఒక పందిని ఎత్తుకొచ్చారు. మర్నాడు వెళ్ళి తప్పు ఒప్పుకుని డబ్బు కడతామన్నారు. కానీ అయోవాలో పశువుల దొంగతనం పెద్ద నేరం. చదువు అక్కడితో ఆగిపోయేదే. ఫిజిక్స్ ప్రొఫెసర్ గ్రాంట్ గేల్ అడ్డుపడి మాట్లాడాడు. ఒక సెమిస్టర్ సస్పెన్షన్‌తో సరిపోయింది.

బెల్ ల్యాబ్స్ అనే పరిశోధనశాలలో ట్రాన్సిస్టర్ (ఈనాటి ఎలక్ట్రానిక్స్ అన్నిటికీ మూలమైన చిన్న పరికరం) పుట్టింది 1947 డిసెంబర్‌లో. దాన్ని కనిపెట్టినవాళ్ళలో ఒకరైన జాన్ బార్డీన్ గేల్‌కి పాత పరిచయం. ఆ పరిచయంతో గేల్ ఆ కొత్త వస్తువు సంగతిని ఈ పల్లెటూరి క్లాసులోకి తెచ్చాడు. సస్పెన్షన్ ముగించుకుని వచ్చిన నోయ్స్ దాని గురించి గేల్ దగ్గరే నేర్చుకుని 1949లో డిగ్రీ పుచ్చుకున్నాడు. తర్వాత ఇంటిగ్రేటెడ్ సర్క్యూట్ (మనం చిప్ అనేది) కనిపెట్టిన ఇద్దరిలో ఒకడయ్యాడు. 1968లో చిప్‌ల కంపెనీ ఇంటెల్ స్థాపించిన ఇద్దరిలోనూ ఒకడు. అప్పుడు గ్రినెల్ కాలేజ్, దాని ట్రస్టీలు ఆ కంపెనీలో పెట్టుబడి పెట్టారు. పెట్టుబడుల్లో పేరుమోసిన వారెన్ బఫెట్ కూడా ఆ రోజుల్లో ట్రస్టీల్లో ఒకడు. ఈ మారుమూల కాలేజీ నిధి ఈరోజు 200 కోట్ల డాలర్లు దాటడానికి అలాంటి నిర్ణయాలు ఒక కారణం.

నాకు ఈ కథలో ముఖ్యమైంది ఇంటెల్ కాదు. ఒక కుర్రాడు తప్పు చేసినప్పుడు, వాడెలాంటివాడో తెలిసిన ప్రొఫెసర్ ఒకాయన ఉన్నాడు. క్యాంపస్ చూడ్డానికి వెళ్ళి మనం వెతకాల్సింది అలాంటి పరిచయం ఇప్పటికీ అక్కడ ఉందా లేదా అని.

[తెర మీద: తరగతి గది. బల్ల చుట్టూ కూర్చున్న విద్యార్థులు.]

దాన్ని వెతకడం ఎలా? క్యాంపస్ టూర్‌లో దొరకదు. టూర్ గైడ్ వెనక్కి నడుస్తూ చూపించే లైబ్రరీ, జిమ్ము అన్ని కాలేజీల్లోనూ బాగానే ఉంటాయి. అడ్మిషన్స్ ఆఫీసుకి ముందే రాసి, ఒక క్లాసులో కూర్చోనిస్తారా అని అడగండి. కాలేజీ నడుస్తున్న రోజుల్లోనే వెళ్ళండి. వేసవి సెలవుల్లో వెళ్తే ఖాళీ భవనాలు చూసి రావడమే.

మా అమ్మాయి ఒక క్లాసులో కూర్చుంది, నేను బయట బెంచీ మీద ఉన్నాను. వచ్చాక చెప్పింది. ప్రొఫెసర్ ఒక పట్టిక చూపించి, దీంట్లోంచి మీకేం అర్థమైందని అడిగి ఊరుకుందట. చాలాసేపు ఎవరూ మాట్లాడలేదట. ఆమె కూడా తొందరపడి జవాబు చెప్పలేదు. చివరికి ఒకబ్బాయి, మీరు పోయినవారం చెప్పిన దానికి ఈ అంకెలు సరిపోవడం లేదు అన్నాడు. ఆమె కుర్చీ ముందుకి జరుపుకుని, "అయితే ఎక్కడ తేడా వచ్చిందో చూద్దాం పద" అన్నట్టు మాట్లాడిందట. మిగతా గంటంతా ఆ ఒక్క అంకె మీదే నడిచింది. "పిన్నీ, వాళ్ళు ఆమెని ఎదిరించి మాట్లాడుతున్నారు, ఆమెకేమో సంతోషంగా ఉంది" అని దారిపొడుగునా అదే మాట. బ్రోషర్ ఎంత చదివినా తెలియనిది ఆ గంటలో తెలిసింది దానికి.

డైనింగ్ హాల్లో భోజనం తప్పకుండా చేయండి. మన పిల్లలు శాకాహారులైతే కూరల వరుస చూసి సరే అనుకోకండి. ఆదివారం రాత్రి ఏం పెడతారు, సెలవుల్లో వంటగది తెరిచి ఉంటుందా అని అక్కడ తింటున్న పిల్లల్నే అడగండి. వాళ్ళు ఉన్నదున్నట్టు చెప్తారు.

[తెర మీద: ఊళ్ళో ప్రధాన వీధి. గుండ్రటి కిటికీతో ఇటుకల భవనం. తర్వాత మంచు కప్పిన క్యాంపస్.]

ఊరు కూడా నడిచి చూడండి. క్యాంపస్ నుంచి నాలుగడుగులే. పేరున్న ఆర్కిటెక్టు లూయీ సల్లివన్ గీసిన 1914 నాటి బ్యాంకు భవనం ఒకటుంది. మామూలు ఇటుకల గోడకి, తలుపు పైన గుండ్రటి కిటికీ, దాని చుట్టూ మట్టితో పోతపోసిన అల్లికలు. నగల పెట్టెలా ఉంటుంది. బానిసత్వాన్ని వ్యతిరేకించిన జొసయ్యా గ్రినెల్ 1854లో స్థాపించిన ఊరిది. బానిసత్వం మీద ఆయుధం పట్టిన జాన్ బ్రౌన్, విడిపించిన బానిసల్ని వెంటబెట్టుకుని వెళ్తూ 1859లో ఇక్కడ ఆగాడు. 1882లో వచ్చిన సుడిగాలి కాలేజీని నేలమట్టం చేస్తే మళ్ళీ కట్టుకున్నారు.

ఇప్పుడు చేదు నిజాలు. చలికాలం నిజంగా కఠినం, ఉష్ణోగ్రత మైనస్ 20 సెల్సియస్‌కి పడిపోయే రోజులుంటాయి. అక్టోబర్‌లో రంగురంగుల చెట్లు చూసి మురిసిపోయిన పిల్లలకి ఫిబ్రవరి గురించి ముందే చెప్పాలి. పెద్ద ఇండియన్ కిరాణా షాపులు, పెద్ద విమానాశ్రయం అన్నీ డిమోయిన్ వైపే. హిందూ దేవాలయం డిమోయిన్ దాటాక మాడ్రిడ్ అనే ఊళ్ళో ఉంది. ఊళ్ళో ఆసుపత్రి, సూపర్‌మార్కెట్లు ఉన్నాయి కాబట్టి రోజువారీ అవసరాలకి ఇబ్బంది లేదు. కానీ 1,700 మందిలో నలుగురితో పడకపోతే, ఆ నలుగురూ రోజూ భోజనాల దగ్గర ఎదురవుతారు. దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు.

సాయంత్రాల సంగతి మా అమ్మాయి అక్కడి పిల్లల్నే అడిగింది. నాటకం, సంగీతం, రాత్రి ల్యాబు, హాస్టల్ లాంజులో కబుర్లు. అన్నీ క్యాంపస్‌లోనే, వాళ్ళకి వాళ్ళే ఏర్పాటు చేసుకునేవి. ఊరు చిన్నది కాబట్టి ఎవరూ శనివారం ఎక్కడికీ మాయమైపోరు. దానికది నచ్చింది. మీ పిల్లలకి నచ్చకపోవచ్చు, అది తెలుసుకోవడానికే ఈ ప్రయాణం.

[తెర మీద: డబ్బు లెక్కలు. "నెట్ ప్రైస్ కాలిక్యులేటర్" అనే మాట.]

ఫీజు దగ్గరికి వద్దాం. అన్నీ కలిపి ఏడాదికి 80,000 డాలర్లు దాటింది. ఆ అంకె చూసి వెనక్కి తిరగొద్దు. చేర్చుకున్న విద్యార్థికి అవసరమని లెక్క తేలిన సాయం మొత్తం ఇస్తామని గ్రినెల్ హామీ ఇస్తుంది, 2021 నుంచి ఆ సాయంలో అప్పులు కలపడం మానేసింది. అప్లికేషన్ ఫీజు లేదు. బయల్దేరే ముందే కాలేజీ వెబ్‌సైట్‌లో నెట్ ప్రైస్ కాలిక్యులేటర్ నింపితే మీ ఇంటి ఆదాయానికి ఎంత పడుతుందో అంచనా వస్తుంది.

మన ఇళ్ళకి సంబంధించి ఇక్కడ ఒక మెలిక ఉంది. హెచ్-4 వీసా (హెచ్-1బీ మీద పనిచేసేవాళ్ళ భార్యాభర్తలకి, పిల్లలకి ఇచ్చేది) మీద ఉన్న పిల్లలకి ఫెడరల్ సాయం రాదు. చాలా కాలేజీలు వాళ్ళని అంతర్జాతీయ విద్యార్థుల లెక్కలో వేస్తాయి, చిన్నప్పటి నుంచి ఇక్కడే చదివినా సరే. గ్రినెల్ కూడా అమెరికన్ విద్యార్థుల అప్లికేషన్ చూసేటప్పుడు డబ్బు సంగతి పట్టించుకోదు గానీ, అంతర్జాతీయ విద్యార్థుల విషయంలో పట్టించుకుంటుంది. పైగా 21 ఏళ్ళు నిండితే హెచ్-4 పోతుంది, అది సరిగ్గా డిగ్రీ మధ్యలో వస్తుంది. కాబట్టి ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసులో మీ వీసా పేరు చెప్పి, మా పాపని ఏ లెక్కలో చూస్తారని నేరుగా అడగండి. జవాబు మెయిల్‌లో రాసిమ్మనండి.

[తెర మీద: అడ్మిషన్స్ ఆఫీసు ముందు గది. తల్లిదండ్రులు ఒక పక్క, విద్యార్థి ఇంకో పక్క.]

తల్లిదండ్రులకి ఒక విన్నపం. డబ్బు, వీసా ప్రశ్నలు మీవి. మిగతావన్నీ పిల్లల్ని అడగనివ్వండి. ఇన్ఫర్మేషన్ సెషన్‌లో మనం చెయ్యెత్తి "మా అమ్మాయి మ్యాథ్స్‌లో ఫస్టు" అని మొదలుపెడితే, పక్కన పిల్ల తల దించుకుంటుంది, ఇక రోజంతా నోరు విప్పదు. విద్యార్థులతో మాట్లాడేటప్పుడు కాస్త దూరంగా వెళ్ళి కాఫీ తాగండి. మీ అమ్మాయి చేత ఈ ప్రశ్న మాత్రం తప్పకుండా అడిగించండి: "మీరు ప్రొఫెసర్ ఆఫీసుకి చివరిసారి ఎప్పుడు వెళ్ళారు, దేని గురించి?" ఎవరిని అడిగినా ఈ వారంలో జరిగిన సంగతి చెప్తే గేల్ లాంటివాళ్ళు ఇంకా ఉన్నట్టే. గుర్తు తెచ్చుకోవడానికి తడుముకుంటుంటే ఇంకొకరిని అడగమనండి.

తిరిగొచ్చేటప్పుడు కారులో మీ అభిప్రాయం ముందు చెప్పకండి. మీరు "బాగుంది" అంటే మీ అమ్మాయి నిజం దాచుకుంటుంది, "ఇంత దూరమా" అంటే నచ్చినా నోరు మూసుకుంటుంది. ఆ రాత్రే నచ్చినవీ నచ్చనివీ రాసుకోమనండి. 12వ తరగతిలో నవంబర్ మధ్యలో ఎర్లీ డెసిషన్ గడువు ఉంటుంది. దాంట్లో సీటు వస్తే చేరతానని మాటిచ్చినట్టే, కాబట్టి ఆ కాగితం మీద సంతకం పెట్టే ముందు, వీలైతే 11వ తరగతి చలికాలంలోనే ఇంకోసారి వెళ్ళి రండి.