గడ్డ కరిగాక మెదడులో రేగే మంట

అందరికీ నమస్కారం.

పక్షవాతంలో మెదడుకు వెళ్లే పెద్ద రక్తనాళం పూడుకుపోతే సగటున నిమిషానికి 19 లక్షల నాడీకణాలు చచ్చిపోతాయని అంచనా. అందుకే గడ్డ కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల్లోపు పడాలని పరుగులు పెడతాం. రక్తం మళ్లీ పారగానే ఇంటివాళ్లు ఊపిరి పీల్చుకుంటారు. రెండో దెబ్బ, అంటే మెదడులో రేగే మంట (ఇన్‌ఫ్లమేషన్), ఊపందుకునేది కూడా అప్పుడే. ఈరోజు దాని గురించే మాట్లాడతాను.

చచ్చిన కణాలు పగిలి లోపలి సరుకంతా బయటికి వదిలేస్తాయి. ఏటీపీ, హెచ్‌ఎంజీబీ1 లాంటివి కణం లోపల ఉన్నంతవరకు మామూలు పదార్థాలే, బయటపడితే మాత్రం ప్రమాద సంకేతాలు. మెదడుకు కాపలా కాసే మైక్రోగ్లియా కణాలు వాటిని నిమిషాల్లో పసిగట్టి ఇంటర్‌ల్యూకిన్-1, టీఎన్‌ఎఫ్ అనే మంట రేపే రసాయనాలను వెదజల్లుతాయి. ఆ కబురుకు రక్తనాళం లోపలి పొర జిగటగా మారుతుంది. రక్తంలో కొట్టుకుపోతున్న న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు అక్కడ అతుక్కుంటాయి. ఒకటి నుంచి మూడు రోజుల మధ్య వీటి తాకిడి ఎక్కువ. ఇవి వదిలే ఎంఎంపీ-9 అనే ఎంజైము రక్తానికీ మెదడుకూ మధ్య ఉన్న అడ్డుగోడ పునాదినే కొరికేస్తుంది. గోడ చెమ్మగిల్లితే వాపు, తెగితే రక్తస్రావం. పుర్రె సాగదు కాబట్టి ఆ వాపు పక్కనున్న మంచి భాగాన్ని నొక్కేస్తుంది.

మరి మంట తగ్గించే మందు ఇవ్వొచ్చు కదా అని చాలామంది అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. మెదడు కణితి చుట్టూ వాపును చక్కగా తగ్గించే డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఇక్కడ మేలు చేయదు. కణితి దగ్గర నీరు కారేది నాళాల నుంచి. పక్షవాతంలో తొలి వాపు చాలావరకు కణాలే నీరు పట్టి ఉబ్బడం వల్ల వస్తుంది, దాన్ని స్టెరాయిడ్ ఆపలేదు. పైగా షుగర్‌నీ ఇన్‌ఫెక్షన్లనీ పెంచుతుంది. న్యూట్రోఫిల్స్ అతుక్కోకుండా చేసే ఎన్లిమోమాబ్ అనే మందును 625 మందిపై పరీక్షించారు, ఫలితాలు 2001లో వచ్చాయి. మందు తీసుకున్నవాళ్లలోనే జ్వరాలు, ఇన్‌ఫెక్షన్లు, మరణాలు ఎక్కువయ్యాయి. అది ఎలుక నుంచి తీసిన యాంటీబాడీ కావడంతో అదే మంటను రాజేసి ఉంటుందని భావిస్తారు.

ఇంకో చిక్కు ఉంది. తొలి రోజుల్లో చెరుపు చేసే మైక్రోగ్లియానే తర్వాత చచ్చిన కణాల చెత్తను ఊడ్చి, బతికిన కణాలకు ఊతమిస్తుంది. అదే ఎంఎంపీ-9 రెండో వారంలో కొత్త రక్తనాళాలు అల్లుకోవడానికి అవసరమవుతుంది. మొత్తంగా ఆర్పేస్తే బాగుపడే దారి కూడా మూసుకుపోతుంది.

అందుకే ఈ మంటకు ఆజ్యం పోయకుండా చూడడమే ఈరోజుకు మన చేతిలో ఉన్న గట్టి పని. జ్వరం, షుగర్, మింగడం, ఈ మూడింటినీ నర్సులు పద్ధతిగా చూసుకుంటే ఏమవుతుందో ఆస్ట్రేలియాలోని 19 స్ట్రోక్ యూనిట్లలో పరీక్షించారు. 2011లో వచ్చిన ఫలితం ప్రకారం, 90 రోజులకు మరణించినవాళ్లు లేదా ఇతరులపై ఆధారపడ్డవాళ్లు మామూలు యూనిట్లలో 58 శాతం, ఈ పద్ధతి పాటించినచోట 42 శాతం. ఏ కొత్త మందూ లేకుండా!

తొలి 72 గంటలు నాలుగు గంటలకోసారి ఉష్ణోగ్రత చూడాలి. 37.5 డిగ్రీల సెల్సియస్, అంటే 99.5 ఫారెన్‌హీట్ తాకగానే పారాసిటమాల్ ఇవ్వాలి, జ్వరం ఎందుకొచ్చిందో వెతకాలి. షుగర్ 140 నుంచి 180 మధ్య ఉంటే చాలు. 80 నుంచి 130కి దించాలని పట్టుబడితే అదనపు లాభం లేకపోగా షుగర్ పడిపోయే ప్రమాదం పెరిగిందని 2019 పరీక్షలో తేలింది.

మింగడం దగ్గరే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. పక్షవాతం వచ్చాక ఒంట్లో రోగనిరోధక శక్తి కూడా పడిపోతుంది, అందువల్ల ఊపిరితిత్తుల్లోకి జారిన ఒక్క గుక్క న్యుమోనియా తేవచ్చు. ఆ ఇన్‌ఫెక్షన్ మెదడులోని మంటను మళ్లీ ఎగదోస్తుంది. ముందుజాగ్రత్తగా అందరికీ యాంటీబయాటిక్ ఇచ్చి చూశారు, కోలుకోవడంలో తేడా రాలేదు. కాబట్టి పరీక్షించేదాకా నోటి ద్వారా నీళ్లు, మాత్ర ఏదీ వద్దు. రోగి మెలకువగా ఉండాలి, నిటారుగా కూర్చోబెట్టాలి. శిక్షణ ఉన్నవాళ్లు ముందు ఒక చెంచా నీళ్లిచ్చి చూస్తారు. గొంతు ముడి పైకి లేవలేదా? పొలమారిందా? పెదవి పక్క నుంచి కారిందా? "ఆ" అనమంటే గొంతు తడిగా, గరగరమంటోందా? వీటిలో ఏది కనిపించినా అక్కడే ఆపేసి ముక్కు గొట్టం గురించి ఆలోచించాలి. కొందరికి దగ్గు రాకుండానే నీళ్లు లోపలికి జారతాయి. అందుకే పరీక్ష నెగ్గినా తొలి భోజనాలప్పుడు పక్కన మనిషి ఉండాలి.

చివరిగా ఇంటివాళ్లకు ఒక మాట. వాపు సాధారణంగా రెండో రోజు నుంచి ఐదో రోజు మధ్య ముదురుతుంది. పెద్ద పక్షవాతమైతే మొదటి రోజే కమ్ముకోవచ్చు. అరవై ఏళ్లలోపు వాళ్లకు పుర్రె ఎముక కొంత తీసి ఒత్తిడి తగ్గించే ఆపరేషన్ 48 గంటల్లోపు చేస్తే ప్రాణాలు దక్కే అవకాశం బాగా ఎక్కువ. "రాత్రంతా అలసిపోయారు, నిద్రపోనిద్దాం" అనుకోవద్దు. పిలిస్తే పలకడం తగ్గినా, వాంతి అయినా, ఒక కంటిపాప పెద్దదైనా అర్ధరాత్రయినా సరే నర్సును లేపండి.