థార్‌కి ఎంటీ టైర్లు వేయించే ముందు దమ్ము చక్రాల కథ వినండి

[బండి వెనక డోర్ దగ్గర నిలబడి, స్పేర్ టైరు మీద చెయ్యి వేసి]

పోయిన వారం ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు. అన్నా, కొత్త థార్ తీసుకున్నా, షోరూమ్ నుంచి డైరెక్ట్‌గా టైర్ల షాపుకే వెళ్తున్నా, ఏ ఎంటీ టైర్లు, అంటే బురద కోసం చేసే పెద్ద గడుల టైర్లు, వేయించమంటావ్ అని. సరే తమ్ముడూ, ఎక్కడ నడుపుతావ్ అని అడిగా. రోజూ మియాపూర్ నుంచి గచ్చిబౌలి ఆఫీసుకి, నెలకోసారి ఊరికి, ఏడాదిలో రెండు మూడు సార్లు వికారాబాద్ వైపు మట్టి దారుల్లోకి అన్నాడు. మరి ఎంటీ ఎందుకురా అంటే, ఆఫ్‌రోడ్ బండి కదన్నా, ఆఫ్‌రోడ్ టైర్లు ఉండాలి కదా అన్నాడు.

ఈ మాట నేను ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు, విన్న ప్రతిసారీ నాకు కడుపులో దేవినట్టు అవుద్ది, ఎందుకంటే ఇది 80 వేలో లక్షో ఖర్చు పెట్టి బండిని ముందుకంటే డేంజర్‌గా చేసుకునే పని. అందుకే ఈ వీడియో.

ఫోర్ బై ఫోర్ అంటే ఏంటి, 4 లో గేర్ ఎప్పుడు వేయాలి, అవన్నీ మీకు తెలుసు, వాటి జోలికి వెళ్లను. నేరుగా పొలంలోకి వెళ్దాం.

మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు, చుట్టూ వరి. నాట్లకి ముందు దమ్ము చేసేటప్పుడు ట్రాక్టర్‌కి ఇనప చక్రాలు బిగిస్తారు చూశారుగా, దమ్ము చక్రాలు, కేజ్ వీల్స్ అంటారు. చిన్నప్పుడు గట్టు మీద కూర్చుని గంటలు గంటలు అవే చూసేవాణ్ణి. మోకాలి లోతు బురదలో మామూలు రబ్బరు టైరు అక్కడే గిర్రున తిరుగుద్ది, అదే దమ్ము చక్రం ఐతే ఆ ఇనప పట్టీలు బురదని కోసుకుంటూ కిందకి దిగి, అడుగున ఉండే గట్టి పొరని పట్టుకుని బండిని ముందుకి తోస్తాయి. బురదలో దాన్ని మించింది లేదు. కానీ అదే చక్రంతో తారు రోడ్డు ఎక్కితే? రోడ్డంతా గాట్లు, ట్రాక్టర్ దడదడ ఊగిపోద్ది, బ్రేక్ వేస్తే ఇనుము జారుద్ది, పైగా కేసు కూడా రాస్తారు. అందుకే తెలిసిన రైతు ఆ చక్రాల్ని ట్రక్కులో వేసుకుని పొలం దాకా తీసుకెళ్లి, గట్టు దగ్గర బిగించి, పని అవగానే విప్పేస్తాడు.

ఎంటీ టైరు, అంటే మడ్ టెర్రెయిన్, అది మన బండికి దమ్ము చక్రం. తేడా ఒక్కటే, దాన్ని గట్టు దగ్గర విప్పలేం. ఇంటి నుంచి ఆఫీసుకి కూడా దాని మీదే పోవాలి.

[మూడు టైర్ల ఫొటోలు పక్కపక్కన]

మార్కెట్‌లో దొరికేవి ముఖ్యంగా మూడు రకాలు. హెచ్‌టీ అంటే హైవే టైరు, మారుతి జిమ్నీకి కంపెనీ నుంచి వచ్చేది ఇదే. ఏటీ అంటే ఆల్ టెర్రెయిన్, రోడ్డు మట్టి రెండూ. ఎంటీ గురించి చెప్పా. మధ్యలో ఈమధ్య ఆర్‌టీ, అంటే రగ్గ్‌డ్ టెర్రెయిన్, అని ఇంకోటొచ్చింది, పక్క నుంచి చూస్తే ఎంటీలా ఉంటుంది, నడిపితే ఏటీకి దగ్గర. లుక్ కోసమే ఎంటీ అడిగేవాళ్లు ఒకసారి దాన్ని చూడండి, లుక్ కావాలనుకోవడం తప్పేం కాదు.

ఈ టైర్లని దగ్గర్నుంచి చూస్తే, నేలకి తగిలే రబ్బరు గడుల మధ్య ఖాళీ ఎంత ఉంది, ఒక్కో గడి మీద సన్నటి గీతలు ఎన్ని ఉన్నాయి, ఈ రెండే చూడండి చాలు. ఆ సన్నటి గీతల్ని సైప్స్ అంటారు. తడి రోడ్డు మీద ఆ గీతల అంచులే రోడ్డుని పట్టుకునేది. ఎంటీలో గడులు పెద్దవి, ఖాళీలు పెద్దవి, సైప్స్ తక్కువ. అంటే రోడ్డుకి తగిలే రబ్బరు తక్కువ, తగిలిన దానిలో పట్టు ఇచ్చే అంచులు కూడా తక్కువ. అందుకే తడి తారు మీద ఎంటీ బ్రేకింగ్ ఏటీ కంటే వెనకపడుద్ది, దాంట్లో పెద్ద మిస్టరీ ఏం లేదు.

ఇది నేను చదివి చెప్పే మాట కాదు. మా బావ తన బండికి ఎంటీలు వేయించాడు, షాపులో చెప్పారని సైజు కూడా పెంచాడు. ఆగస్టులో మారేడుమిల్లి నుంచి చింతూరు వైపు ఘాట్ దిగుతున్నాం, నేను పక్క సీట్లో ఉన్నా. సన్నగా జల్లు పడుతోంది, స్పీడ్ 40 కూడా లేదు, మలుపులో బ్రేక్ మీద కాలు పెట్టాడు, స్టీరింగ్ తిరిగింది గానీ బండి తిరగలేదు, నేరుగా లోయ వైపున్న గోడ దగ్గరికి వెళ్లి ఆగింది, జానెడు దూరం ఉంది. వెనక సీట్లో మా అక్కా, పిల్లా. ఆ రోజు కిందకి దిగేదాకా ఎవ్వరం మాట్లాడలేదు. ఆ బండి గొప్పగా ఎక్కే బురద నాకు తెలుసు, కానీ ఆ రోజు మేము బురదలో లేం, తడిసిన తారు మీద దమ్ము చక్రాలతో ఉన్నాం.

సరే, ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన పార్ట్, నేలలు. టైరు ఎంచుకోవడం అంటే అసలు నేల ఎంచుకోవడమే, మన దగ్గర అన్ని రకాల నేలలూ ఉన్నాయి కాబట్టి వరసగా చెప్తా.

నల్లరేగడి. ఆదిలాబాద్, వికారాబాద్ వైపు, కర్నూలు వైపు, మీకు తెలుసు. వానకి అది నేల కాదు, జిగురు. నీళ్లు తాగి ఉబ్బే బంక మట్టి అది. ఏటీ టైరు దాంట్లోకి దిగితే రెండు చుట్లకే గడుల మధ్య ఖాళీలన్నీ మట్టితో నిండిపోయి టైరు నున్నగా గుండులా అయిపోద్ది, ఇక నాలుగు చక్రాలు తిరిగినా లాభం లేదు. ఎంటీకి ఖాళీలు పెద్దవి కాబట్టి చక్రం కాస్త స్పీడ్‌గా తిరిగినప్పుడు మట్టిని విసిరేస్తుంది, కొత్త గడి మళ్లీ నేలని కొరుకుద్ది. కాబట్టి మీ పొలం నల్లరేగడిలో ఉండి, వానాకాలం రోజూ వెళ్లాల్సిన పని ఉంటే ఎంటీ వేయించుకోండి, నేనే దగ్గరుండి వేయిస్తా. కానీ బాగా జిగురున్న రేగడిలో ఎంటీ కూడా నిండిపోద్ది, ఇది గుర్తుంచుకోండి, ట్రాక్టర్లే దిగబడతాయి అక్కడ. వాన తగ్గాక ఒక రోజు ఆగి వెళ్లడం అన్నిటికంటే మంచి టైరు.

ఎర్ర నేల, చెల్క. దీంట్లో ఇసుక పాలు ఎక్కువ, నీళ్లు ఇంకిపోతాయి, ఏటీ హాయిగా వెళ్లిపోద్ది. మనలో చాలామంది ఆఫ్‌రోడ్ అని వెళ్లేది ఈ నేలకే.

రాయి. హైదరాబాద్ చుట్టుపక్కల గ్రానైట్ గుట్టలు. ఇక్కడ గడుల కంటే సైడ్‌వాల్, అంటే టైరు పక్క గోడ, ముఖ్యం, ఎందుకంటే రాయి టైరుని కోసేది పక్క నుంచి. రబ్బరు లోపల పొరలుంటాయి, ప్లై అంటారు, సైడ్‌వాల్‌లో ఎన్ని ప్లైలు అనేది టైరు మీదే రాసి ఉంటుంది, చదవండి. మూడు ప్లైల సైడ్‌వాల్ ఉన్న ఏటీలు కూడా దొరుకుతాయి, దానికోసం ఎంటీకి వెళ్లక్కర్లేదు.

ఇసుక. ఇది అందరూ తిరగేసి అర్థం చేసుకునేది. ఇసుకలో దమ్ము చక్రం వేస్తే ఏమవుద్ది? తవ్వుకుంటూ ఇరుసు దాకా దిగిపోద్ది, ఎందుకంటే కింద పట్టుకోడానికి గట్టి పొర లేదు. ఎంటీ కూడా అంతే, యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ గొయ్యి తవ్వుద్ది. ఇసుకలో కావాల్సింది కొరకడం కాదు, తేలడం. పెద్ద గడులు లేని టైరు గాలి తగ్గించి వెళ్తే బాగా తేలుద్ది. (బీచ్‌ల మీదకి మాత్రం బండి తీసుకెళ్లకండి ప్లీజ్, మన తీరంలో తాబేళ్లు గుడ్లు పెట్టే చోట్లు చాలా ఉన్నాయి.)

ఇదే లెక్క వెడల్పుకి కూడా. వెడల్పు టైరు ఐతే ఎక్కడైనా మంచిదే అనుకుంటారు. జిమ్నీకి 195 మిల్లీమీటర్ల వెడల్పు టైరు చూసి సైకిల్ టైరు అంటారు, నాకు బాధేస్తుంది. పైన బురద, నాలుగు అంగుళాల కింద గట్టి నేల ఉంటే, సన్న టైరు బురదని కోసుకుని ఆ గట్టి నేలని అందుకుంటుంది, దమ్ము చక్రం పట్టీ చేసే పనే. వెడల్పు టైరు అక్కడ పైపైన జారుతూ ఉంటుంది. అడుగు అందని చోట, ఇసుకలో, వెడల్పు గెలుస్తుంది. అంటే మళ్లీ నేలే.

[చేతిలో ప్రెజర్ గేజ్ చూపిస్తూ]

ఇప్పుడు అసలు విషయం. గట్టు దగ్గర బిగించి రోడ్డెక్కేముందు విప్పేసే దమ్ము చక్రం మన బండికి లేదన్నానా, ఉంది. గాలి. టైర్లో గాలి తగ్గిస్తే నేలకి ఆనే భాగం పొడుగు పెరుగుద్ది, బరువు ఎక్కువ చోట పరుచుకుంటుంది, రబ్బరు మెత్తబడి రాయి చుట్టూ అతుక్కుంటుంది. కంపెనీ టైరే వేరే టైరులా నడుస్తుంది. మట్టి దారులకి, రాళ్లకి 18 నుంచి 20 పీఎస్ఐ, ఇసుకకి 15 దగ్గర, అంతకన్నా బాగా తగ్గిస్తే మామూలు రిమ్ముల మీద టైరు ఊడొచ్చే ప్రమాదం ఉంది. తగ్గించినప్పుడు 30, 40 స్పీడ్ దాటొద్దు, స్టీరింగ్ విసురుగా తిప్పొద్దు. తారు ఎక్కేముందు డ్రైవర్ డోర్ దగ్గర స్టిక్కర్ మీద ఎంత రాసి ఉంటే అంత మళ్లీ కొట్టేయాలి, తక్కువ గాలితో హైవే మీద పోతే సైడ్‌వాల్ వేడెక్కి పేలిపోద్ది. ఒక గేజ్, బండి సాకెట్‌కి పెట్టుకునే ఒక చిన్న ఇన్‌ఫ్లేటర్, రెండూ కలిపి ఒక్క ఎంటీ టైరు ధర కూడా ఉండవు. దీని గురించి ఏ షాపులోనూ ఎందుకు చెప్పరో నాకు అర్థం కాదు.

టైమ్ ఐపోతోంది, సైజు గురించి గబగబా చెప్పేస్తా.

థార్‌కి వచ్చే 255/65 ఆర్18 అంటే వెడల్పు 255 మిల్లీమీటర్లు, సైడ్‌వాల్ ఎత్తు అందులో 65 శాతం, రిమ్ము 18 అంగుళాలు. లెక్కేస్తే మొత్తం ఎత్తు 789 మిల్లీమీటర్ల దగ్గర, అంటే 31 అంగుళాలు. దాన్ని 33 చేస్తే స్పీడోమీటర్ 100 చూపిస్తున్నప్పుడు మీరు 106 మీద ఉంటారు, పికప్ తగ్గుద్ది, మైలేజీ తగ్గుద్ది, బ్రేకులకి పని పెరుగుద్ది, బరువు కూడా ఒక్కో టైరుకి కిలోల్లో పెరుగుద్ది, స్టీరింగ్ పూర్తిగా తిప్పితే లోపల రాసుకోవచ్చు. మోటార్ వెహికల్స్ యాక్ట్ సెక్షన్ 52 కూడా ఉంది, కంపెనీ స్పెసిఫికేషన్ దాటి బండిని మార్చడం గురించి, క్లెయిమ్ టైమ్‌లో ఇన్సూరెన్స్ వాళ్లు అడిగితే సమాధానం ఉండదు. మీ మోడల్‌లోనే వేరే వేరియంట్‌కి కంపెనీ ఇచ్చే సైజు దాకా ఆగండి.

సైజు పక్కన ఒక నంబరు, ఒక అక్షరం ఉంటాయి. నంబరు లోడ్ ఇండెక్స్, 96 అంటే ఒక్కో టైరు 710 కిలోలు మోస్తుంది, కంపెనీది ఎంతుందో దానికి తగ్గకూడదు. అక్షరం స్పీడ్, ఎస్ అంటే 180, చాలా ఎంటీలకి క్యూ ఉంటుంది, అంటే 160. తయారీ తేదీ నాలుగంకెలు, 2324 అంటే 2024లో 23వ వారం. రెండేళ్లు గోడౌన్‌లో పడున్న టైరు కొత్త ధరకి తీసుకోకండి.

నాలుగూ ఒకేసారి మార్చండి, స్పేర్ కూడా అదే సైజు. థార్, జిమ్నీ రెండింటికీ ముందు వెనక చక్రాల్ని వేరే వేరే స్పీడ్‌లో తిరగనిచ్చే మధ్య డిఫరెన్షియల్ లేదు, 4 హైలో, అంటే నాలుగు చక్రాలకీ పవర్ వెళ్లే మోడ్‌లో, ముందు వెనక సమానంగా తిరగాల్సిందే, ఎత్తులు తేడా ఉంటే ఆ పవర్‌ని ముందుకీ వెనక్కీ పంచే ట్రాన్స్‌ఫర్ కేస్ మీద పడుద్ది. రొటేషన్‌లో, అంటే టైర్ల చోట్లు మార్చేటప్పుడు, స్పేర్‌ని కూడా కలిపి ఐదూ తిప్పండి, లేకపోతే నాలుగు అరిగి ఒకటి కొత్తగా మిగిలిపోద్ది.

మన దగ్గరే టైర్లు తయారవుతాయి, సదాశివపేటలో ఎంఆర్‌ఎఫ్ ప్లాంట్ ఉంది, శ్రీసిటీ దగ్గర చిన్నపండూరులో అపోలో ప్లాంట్ ఉంది, మన కంపెనీల ఏటీలు కూడా ఇప్పుడు బాగుంటున్నాయి, ఇంపోర్టెడ్ ఐతేనే టైరు అనుకోకండి.

ఆ తమ్ముడి సంగతి చెప్పి ఆపేస్తా. నీ బండికి 18 అంగుళాల వీల్స్ కదా, అందులో కంపెనీ నుంచి వచ్చినవే ఏటీ టైర్లు, ఒకసారి కిందకి దిగి చదువు అన్నా. కాసేపటికి ఫొటో పెట్టాడు, నిజమే అన్నా, ఏటీ అని రాసి ఉంది, ఇంతవరకు చూళ్లేదు అని. ఐతే అవి అరిగేదాకా వాడు, గేజ్ కొను అని చెప్పా. నిన్న ఆదివారం అనంతగిరి దిగువన ఎర్రమట్టి దారిలో వంగి గాలి తీస్తున్న ఫొటో పంపాడు, గేజ్ మీద 19.