నిర్మాత చేతిలో మిగిలేది: సినిమానా, కాగితమా?

హోస్ట్: మన వైజాగ్‌లో ప్రొడ్యూసర్ అనగానే భీమిలి రోడ్డులో కొండ మీదున్న స్టూడియోయే గుర్తొస్తుంది. రామానాయుడు గారి కెరీర్‌లో కొత్త నిర్మాత పట్టుకోవాల్సింది ఏటండీ?

అతిథి: ఫాల్కే అవార్డు, గిన్నిస్ రికార్డు అందరూ చెప్పేవే. నేనైతే 1964 దగ్గర ఆగుతాను. సురేష్ ప్రొడక్షన్స్ ‘రాముడు భీముడు’ వచ్చిన ఏడాది. సినిమా కాపీరైట్ విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్ళు. లెక్కేస్తే 2024 డిసెంబర్ 31తో దాని గడువు అయిపోయింది.

హోస్ట్: అయితే ఎవరైనా వాడేసుకోవచ్చా?

అతిథి: తొందరపడకండి. పాటల సాహిత్యానికి, బాణీకి లెక్క వేరు. రాసినవాళ్ళు, కట్టినవాళ్ళు పోయాక మరో 60 ఏళ్ళుంటాయి. ఒక్క సినిమాలో ఇన్ని హక్కులుంటాయి, ఒక్కోదానికి ఒక్కో గడువు. చిన్న నిర్మాత మునిగేది ఇక్కడే.

హోస్ట్: ఎలా?

అతిథి: స్టాంప్ పేపర్ మీద ‘కథ హక్కులు ఇచ్చేశాను’ అని ఒక్క లైను రాయించుకుంటారు. కాపీరైట్ చట్టం సెక్షన్ 19 చూడండి. గడువు రాయకపోతే 5 ఏళ్ళే. ప్రాంతం రాయకపోతే ఇండియా వరకే. తీసుకున్న హక్కుని ఏడాదిలో వాడకపోతే, వేరే షరతు లేకుంటే, అదీ పోతుంది. ఫైనాన్స్ కోసం తిరగడానికే ఏడాది పడుతుంది కదా! తీరా ఓటీటీ వాళ్ళు అడిగే మొదటి ఫైలు కథ నుంచి పాట దాకా హక్కులు ఎవరి నుంచి ఎవరికి వచ్చాయన్నదే. అక్కడ బేరం ఆగిపోతుంది.

హోస్ట్: ‘భవిష్యత్తులో వచ్చే అన్ని మాధ్యమాలూ’ అని రాసేస్తే?

అతిథి: గట్టిగా నిలబడదు. 2012 సవరణ తర్వాత, ఒప్పందం నాటికి లేని మాధ్యమాన్ని ప్రత్యేకంగా ప్రస్తావించాలి. అందుకే రీమేక్, డబ్బింగ్, సీక్వెల్, వెబ్ సిరీస్, దేనికది పేరు పెట్టి రాయించండి. కథ, స్క్రీన్‌ప్లే, మాటలు వేర్వేరు మనుషులవైతే వేర్వేరు ఒప్పందాలు.

హోస్ట్: పాటలకి మొత్తం ఒకేసారి ఇచ్చేసి వదిలించుకుందాం అంటారు కొందరు.

అతిథి: అదీ కుదరదు. సినిమాతో పాటు హాల్లో ఆడేదాన్ని పక్కన పెడితే, టీవీ, రేడియో, ఆన్‌లైన్‌లలో వాడుకకి హక్కు తీసుకున్నవాళ్ళతో సమానంగా రచయితకీ స్వరకర్తకీ రాయల్టీ వాటా ఉంటుంది. వారసులకో, రాయల్టీ వసూలు చేసి పంచే కాపీరైట్ సొసైటీకో తప్ప దాన్ని ఎవరికీ రాసివ్వలేరు. రాయించుకున్నా చెల్లదు. నాకైతే న్యాయంగానే ఉంది.

హోస్ట్: మరి జానపదాలు పాడే మన తప్పెటగుళ్ళ వాళ్ళు, జముకుల పాట వాళ్ళ సంగతి? అది ఊరందరి పాట కదా.

అతిథి: పాట పాతదే, గొంతు మాత్రం వాళ్ళదే. పాడినవాళ్ళకి ప్రదర్శకుల హక్కు ఉంటుంది. ‘సంప్రదాయం’ అని టైటిల్స్‌లో వేసి చేతులు దులుపుకోకండి. పేర్లు వేయండి, రాతపూర్వక ఒప్పుకోలు తీసుకోండి. మిగతావాళ్ళు అధికారం రాసిస్తే తప్ప బృందం పెద్ద ఒక్కడి సంతకం చాలదు.

హోస్ట్: ఎప్పుడు తీసుకోవాలి, పేమెంట్ రోజా?

అతిథి: రికార్డింగ్‌కి ముందే, అడ్వాన్సుతో పాటు. జాతరల సీజన్ మొదలైతే తలో ఊరూ పోతారు. ఆ తర్వాత ఒక్కొక్కరి కోసం మీరే తిరగాలి.